సంజీవరెడ్డి చేసింది ఒప్పేనా?

మొన్న దేవరుప్పుల వెళ్ళినప్పుడు చాయ్ హోటల్లో ఇద్దరు పెద్దమనుషులు 1979 గురించి ఇంకా కొట్లాడుకుంటున్నారు! ఒకాయన పాత కాంగ్రెస్, ఇంకొకాయన పాత జనతా. గొడవంతా అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గురించే.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 1979 జులైలో మొరార్జీ దిగిపోయాక ఇందిర మద్దతుతో చరణ్ సింగ్ ప్రధాని అయ్యారు. నెల తిరక్కుండానే ఆవిడ మద్దతు తీసేసింది. ఆయన లోక్‌సభ మొహం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, సభని రద్దు చెయ్యమన్నారు. జనతా తరఫున జగ్జీవన్ రామ్ అవకాశం అడిగినా ఇవ్వకుండా, సంజీవరెడ్డి 22న రద్దు చేసేశారు. జనతా వాళ్ళు మండిపడ్డారు. 1977లో వాళ్ళ టిక్కెట్టు మీదే నంద్యాలలో గెలిచిన మనిషి మరి! ఎన్నికలే కావాలనుకున్న ఇందిరా కాంగ్రెస్‌కి మాత్రం పండగ. 1969లో ఇదే సంజీవరెడ్డిని ఓడించింది ఇందిరేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"1980 జనవరిలో మన దగ్గర 42 సీట్లల్ల 41 మావే. ఇగ తప్పేముంది?" అన్నాడు కాంగ్రెస్ పెద్దాయన.

నాకిక్కడే పేచీ. అవుట్‌పుట్ బాగా వచ్చిందని కోడ్ కరెక్టనుకోం కదా. జగ్జీవన్ రామ్‌ని సభలో బలం చూపించమనాల్సింది. చూపించలేకపోతే అప్పుడు ఎన్నికలకి వెళ్ళొచ్చు. పార్టీలు అటూ ఇటూ అయినా నేనిదే అంటాను. మరి మీరు?