ఉలి మీది ముద్ర

పాత ఇంగ్లీషు ఉలి ఏదైనా చేతికి దొరికితే కాస్త తుప్పు గీకి చూడండి. చేసినవాని పేరు పక్కన ‘కాస్ట్ స్టీల్’ అన్న రెండు మాటలు తరచుగా కనబడతాయి. పోత అనగానే, సుత్తి దెబ్బకు పెళుక్కున పగిలే పోత ఇనుమనుకుంటారేమో, అది కాదు. మూసలో పూర్తిగా కరిగించి అచ్చులో పోసిన ఉక్కు ఇది. ఉక్కు మంచిచెడ్డలు పైకి తెలియవు. పనిలో పెట్టి, అంచు మడతబడ్డాకనో విరిగాకనో తెలుస్తాయి. అందుకే పందొమ్మిదవ శతాబ్దపు పనివాడు కొనేముందు ఆ ముద్ర కోసం వెతికేవాడు.

అంతకు పూర్వం షెఫీల్డులో ఉక్కు చేసే పద్ధతి వేరు. స్వీడన్ ఇనుప కడ్డీలను బొగ్గుపొడిలో కప్పి రోజుల తరబడి కాల్చేవారు. కర్బనం పైపొరల్లోకి ఎక్కువగానూ, లోపలికి తక్కువగానూ ఇంకేది. అలాంటి కడ్డీతో చేసిన పనిముట్టు ఒకచోట గట్టిగా, మరొకచోట మెత్తగా ఉండేది. ఈ లోపం అందరికంటే ఎక్కువగా బాధించింది గడియారాలు చేసేవారిని. డాన్‌కాస్టర్‌లో ఆ వృత్తిలో ఉన్న బెంజమిన్ హంట్స్‌మన్ (1704-1776), స్ప్రింగులకు తగిన ఉక్కు దొరకక తానే పూనుకొని, షెఫీల్డు దగ్గరి హాండ్స్‌వర్త్‌కు మకాం మార్చి, 1740లలో ఆ కడ్డీల ముక్కలనే మట్టిమూసల్లో కోకు మంటతో కరిగించాడు. కరిగిన ఉక్కులో కర్బనం అంతటా సమంగా కలిసింది.

తమాషా ఏమిటంటే షెఫీల్డు కత్తుల పనివారికి అది నచ్చలేదు. మరీ గట్టిగా ఉంది, సాగగొట్టడం కష్టమన్నారు. హంట్స్‌మన్ దానిని ఫ్రాన్సుకు అమ్ముకున్నాడు. ఫ్రెంచి కత్తులు తమ అంగళ్ళలోకే వచ్చి పోటీకి నిలిచాక గానీ ఊరివారు దారికి రాలేదు. ఎగుమతిని నిషేధించాలని కూడా వారు ప్రయత్నించారట. కష్టమన్నది మాత్రం అబద్ధం కాదు. ఎంచుకొనేవానికి కావలసిన గట్టిదనమే చేసేవానికి శత్రువు.

ఇంతకూ గట్టిదనం ఒక్కటే మన్నిక కాదు. ఎర్రగా కాల్చి నీట ముంచిన ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. దానిని మళ్ళీ కొంచెం వేడిచేసి, ఆ గట్టిదనంలో కొంత వదులుకోవాలి. మెరుగుపెట్టిన లోహం మీద ఎండుగడ్డి రంగు తోచినప్పుడు ఆపితే అంచు గట్టిగా నిలుస్తుంది. ఊదారంగు దాకా పోనిస్తే ఇనుము నరికే ఉలికి సరిపోతుంది. నీలం వస్తే స్ప్రింగు. ఆ ఉలికి కూడా అంచు మాత్రమే గట్టిగా ఉండాలి. సుత్తి దెబ్బ తినే తలను మెత్తగానే వదిలేస్తారు, లేకుంటే పెచ్చులెగిరి కంట్లో పడతాయి. వాడగా వాడగా ఆ తల పుట్టగొడుగులా విచ్చుకుంటే, సానరాయి మీద అరగదీయక తప్పదు.

మూసలో ఉక్కు వండడం మన ప్రాంతానికి హంట్స్‌మన్‌కు ఎంతో ముందునుంచే తెలుసు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఆ పని జరుగుతుండగా 1820ల తొలినాళ్ళలో చూసి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన 1824లో మరణించాడు. ఆ వర్ణన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. మూసలోంచి తీసిన ముద్దను అలాగే అమ్మేవారు కారట. మట్టిపూసి కొలిమిలో మళ్ళీ మళ్ళీ కాల్చి, సుత్తికి లొంగేటంతగా మెత్తబరచేవారట. షెఫీల్డువారు మొరపెట్టుకున్న కష్టాన్ని ఇక్కడ కొనేవాని దాకా పోనివ్వలేదన్నమాట.

ఆ ముద్దల మీది ముద్రను చూసి కొన్నట్టు వాయిసీ చెప్పలేదు. ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడే ఉండి, ఎదుట జరిగే పనిని చూసుకుంటూ కొనుక్కుపోయేవాడు. తమ దేశంలో అటువంటి ఉక్కు చేయబోయి విఫలమయ్యారని కూడా అతడు వాయిసీతో చెప్పాడు.