గోదావరిపై హేవలాక్ వారధి

రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ గోదావరిపై శిథిలమగుచున్న ఇనుపవారధి ఆంధ్రదేశపు రవాణాచరిత్రకు ప్రబలసాక్ష్యము. దీని నిర్మాణము 1897లో ఆరంభమై 1900లో ముగిసినది. అంతకుముందు కలకత్తా–మద్రాసు మార్గమున పోవువారు ఇచ్చట రైలు దిగి నదిని పడవపై దాటవలసి యుండెను. వాల్టన్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 56 అంకణములతో వెలసిన ఈ వారధికి నాటి మద్రాసు గవర్నరు హేవలాకు పేరు పెట్టబడినది.

1974లో రోడ్డు–రైలు వంతెన ఏర్పడినది. 1997లో మూడవ వంతెనపై రైళ్ళు నడువగా పాతదానిపై రాకపోకలు నిలిచినవి.

పాలకుని పేరు వారధికి దక్కినది. ప్రవాహమున పునాదులు దింపిన కూలీల పేర్లు జనస్మృతిలో లేవు. వారి శ్రమకు మిగిలిన శాసనము ఈ స్తంభపంక్తియే. శిలాశాసనములవలెనే దీనినిగూడ ఇనుపతుక్కుగాక చారిత్రకాధారముగా రక్షించుట మన విధి.