షోలవరం రన్‌వే, ఆటోనగర్ షెడ్లు: భారతదేశంలో కారు మార్పుల చరిత్ర

కారును యజమాని అభిరుచికి తగ్గట్టు మార్పించుకునే అలవాటు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నప్పటికీ, భారతదేశంలో దాని చరిత్ర వేరే దారిలో నడిచింది. అమెరికాలో చౌకగా దొరికే పాత కార్లు, విడిభాగాల సమృద్ధి ఆ అలవాటును పెంచాయి. ఇక్కడ దాన్ని పుట్టించింది కొరత. 1950ల మధ్య నుంచి 1983 చివరి వరకు కారు కొనదలచిన భారతీయుడి ముందు ఉన్నవి ప్రధానంగా మూడు కంపెనీల కార్లే కావడంతో, ఉన్న బండిని బాగుచేయించుకోవడం, దాని లోపాలను సవరించుకోవడం, వీలైతే వేగం పెంచుకోవడం తప్ప మరో మోడల్‌కు మారే అవకాశం చాలామందికి దక్కలేదు. అందువల్ల ఆ మూడు దశాబ్దాల్లో కారు ప్రియులు నలుగురు కూడిన చోట ఏ కారు కొనాలన్న చర్చ కన్నా, బండిని ఏ మెకానిక్ చేతికి ఇవ్వాలన్న చర్చే ఎక్కువగా సాగేది.

ఈ కొరత ప్రభుత్వ విధానం వల్ల ఏర్పడింది. విదేశాల నుంచి విడిభాగాలను తెప్పించి ఇక్కడ బిగించి అమ్మే పద్ధతిలో జనరల్ మోటార్స్ సంస్థ 1928లోనే బొంబాయిలో కర్మాగారం ప్రారంభించింది. స్వాతంత్ర్యానంతరం, 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదిక దరిమిలా, విడిభాగాలను దశలవారీగా దేశంలోనే తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకు మాత్రమే చోటు ఉంటుందని ప్రభుత్వం తేల్చడంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి సంస్థలు తప్పుకున్నాయి. బిర్లాలు 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ నిలిచాయి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు 1957లో అంబాసిడర్ పేరుతో వెలువడింది. ఇటలీ ఫియట్ 1100 కారు 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, ఆ తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. బ్రిటిష్ ట్రయంఫ్ హెరాల్డ్ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్‌గా తిరిగింది. పేర్లు, ముందరి జాలీలు మారినా లోపలి యంత్రం దశాబ్దాలపాటు దాదాపు అదే కావడం వల్ల, ఒక బండి విప్పి నేర్చుకున్న విద్య ఆ తరువాత వచ్చిన వందల బండ్లకు పనికివచ్చింది. మార్పు లేని మోడళ్లను నిందించేవారు సాధారణంగా గమనించని సంగతి ఇది: దేశంలోని మెకానిక్కుల నైపుణ్యం అంత లోతుకు పోవడానికి ఆ స్తబ్దతే ఆధారమైంది.

తెలుగునాట ఈ విద్యకు పెద్ద నెలవు విజయవాడ ఆటోనగర్. కలకత్తా, మద్రాసు, హైదరాబాదు రహదారులు కలిసే ఆ ఊళ్లో, 1960ల నుంచి ప్రత్యేక పారిశ్రామిక వాడగా ఎదిగిన ఆటోనగర్‌కు లారీలే జీవనాధారమైనా, లారీ కోసం ఏర్పడిన పనితనమంతా కారుకూ అందుబాటులోకి వచ్చింది. ఒకే వీధిలో ఇంజిన్ బోరింగ్ షాపు, లేత్ మిషన్, కమాను కట్టలు సరిచేసే కొలిమి, రేడియేటర్లకు మాటు వేసే షెడ్డు, సొట్టలు తీసే టింకరింగ్ పనివారు, సీట్లు కుట్టే కుషన్ పనివారు ఉండడం వల్ల, కంపెనీ నుంచి రాని భాగాన్ని అక్కడికక్కడే తయారుచేసి బిగించడం సాధ్యమైంది. మార్పుల్లో చాలావాటికి మూలం కూడా కంపెనీ లోపాలే. అంబాసిడర్, ఫియట్ కార్లలో గేరు మార్చే కడ్డీ స్టీరింగ్ కిందనే ఉండేది. దాన్ని గేరుబాక్సుతో కలిపే లింకులు, బుష్షులు అరిగే కొద్దీ గేరు పట్టుకుపోయేది గనుక, ఆ ఏర్పాటును తీసివేయించి కడ్డీని సీట్ల మధ్య నేల మీద పెట్టించుకోవడం వేడుకగా మొదలైనది కాదు, విసుగుతో మొదలైనది. తరువాత అదే ‘ఫ్లోర్ గేరు’ హోదాకు గుర్తయింది. పాత డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ బిగించుకోవడం కూడా ఈ కోవలోదే.

ఈ పనితనం ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే బోరింగ్ పనిని కాస్త దగ్గరగా చూడాలి. పిస్టన్ నిరంతరం పైకీ కిందికీ ఆడడం వల్ల సిలిండర్ గోడ అరిగి, నూనె పైకెక్కి, పొగగొట్టం నుంచి నీలి పొగ వస్తుంది. అప్పుడు సిలిండర్‌ను యంత్రం మీద కొద్దిగా వెడల్పు చేసి, దానికి తగిన పెద్ద పిస్టన్లు వేస్తారు. ఆ వెడల్పును మెకానిక్కులు ‘థౌ’ లెక్కన చెబుతారు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇరవై థౌ, నలభై థౌ అంటూ ఒక్కో ఇంజిన్ పలుమార్లు బోరింగుకు వెళ్లేది. గోడ మరీ పలచబడినప్పుడు లోపల స్లీవ్ అనే ఇనుప గొట్టం దించి, మళ్లీ మొదటి కొలతకు తెచ్చేవారు. సిలిండర్ల మీద మూతలా బిగించే హెడ్డును చదునుగా చెక్కించడం మరో పని. గాస్కెట్ దగ్గర లీకు కాకుండా ఉపరితలాన్ని సమం చేయడం దాని అసలు ఉద్దేశం. అయితే హెడ్డు పలచబడే కొద్దీ మంట మండే గది చిన్నదై, పెట్రోలు గాలి మిశ్రమం మరింత ఒత్తిడికి లోనై, ఇంజిన్ శక్తి పెరుగుతుంది. మరమ్మతు కోసం నేర్చిన పని వేగానికి సాధనమైన తీరు ఇది. ఆనాటి పెట్రోలుకు ఆక్టేన్, అంటే ఒత్తిడిలో అదును కాని సమయంలో మండకుండా తట్టుకునే గుణం, తక్కువ కావడం వల్ల హెడ్డును అతిగా చెక్కిస్తే ఇంజిన్ కొట్టడం మొదలై, చివరికి పిస్టన్లు దెబ్బతినేవి. ఎంత చెక్కాలి, ఎక్కడ ఆపాలి అన్నది మేస్త్రీ అనుభవానికి సంబంధించిన విషయం.

ఆ అనుభవానికి పరీక్షా స్థలం షోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే రహదారి మీద, నగరానికి ఉత్తరాన ఉన్న ఆ గ్రామంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాశ్రయ రన్‌వే ఒకటి మిగిలిపోగా, 1950ల నుంచి దాని మీద కార్ల, మోటారుసైకిళ్ల పందేలు జరిగాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపించింది. కలకత్తా దగ్గర బారక్‌పూర్‌లోనూ రన్‌వే మీదనే పందేలు జరిగినా, జనాదరణలోనూ కొనసాగింపులోనూ షోలవరానిదే పైచేయి. సంపన్నుల విదేశీ కార్లతో పాటు అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు కూడా అక్కడ పరుగెత్తాయి. పందెం కోసం వెనక సీటు, తివాచీ, బంపర్లు తీసివేసి బరువు తగ్గించడం, రెండో కార్బురేటర్ అమర్చడం, గాలి లోపలికి వచ్చే దారులను అరగదీసి నునుపు చేయడం, ఫ్లైవీల్ బరువు తగ్గించడం మామూలయ్యాయి. 1980లలో బెంగళూరు సిపానీ సంస్థ తెచ్చిన డాల్ఫిన్, ఫైబర్‌గ్లాస్ బాడీతో తేలికగా ఉండడం వల్ల, మార్కెట్లో నెగ్గకపోయినా పందెగాళ్ల మెప్పు పొందింది.

పందేల వేగంతో సంబంధం లేని మార్పు డీజిల్. ప్రభుత్వం డీజిల్ ధరను పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉంచడంతో టాక్సీ యజమానులు పెట్రోలు అంబాసిడర్లలో మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ వంటివి బిగించుకునేవారు. ఇంజిన్ బరువెక్కితే ముందరి సస్పెన్షన్ కుంగుతుంది, గేరుబాక్సు కుదరదు, క్లచ్చి మార్చాలి. ఇవన్నీ ఏ నక్షా లేకుండా షెడ్లలో పరిష్కారమైన ఇంజనీరింగ్ సమస్యలు.

1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కడంతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. 796 సీసీ సామర్థ్యం గల మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్, ముందు చక్రాలకు శక్తినందించే ఏర్పాటు ఉన్న ఆ కారు మొరాయించేది తక్కువ. మరమ్మతు అవసరం తగ్గిన కొద్దీ షెడ్డుతో యజమానికి ఉన్న బంధం సడలి, మార్పు అన్నది అవసరం నుంచి అభిరుచిగా మారింది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ ఆ 800 ఇంజిన్‌నే తీసుకుని ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు పందెం కారును రూపొందించారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఆ తరగతిలోనే. స్వదేశీ షెడ్డు పనితనానికి దక్కిన గొప్ప ఫలితంగా దీన్ని చెప్పవచ్చు. 1990లో శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్ రావడంతో షోలవరం చరిత్రలోకి వెళ్లింది. కాలుష్య నిబంధనల వల్ల కార్బురేటర్ పోయి, కంప్యూటర్ ఆజ్ఞతో ఇంధనం చిమ్మే పద్ధతి వచ్చాక లేత్ స్థానాన్ని చాలావరకు లాప్‌టాప్ ఆక్రమించింది.

చట్టం కూడా కాలక్రమంలో బిగిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మొదట్లో, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధమైన మార్పు చేయాలంటే రవాణా అధికారి అనుమతి పొందాలని మాత్రమే చెప్పేది. 2000లో దాన్ని సవరించి, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్చరాదన్నారు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ధ్రువీకరించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం అనధికార మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. రోడ్డు మీద ఇతరుల ప్రాణాలకు సంబంధించిన విషయంలో కట్టడి అవసరమే. అయితే చెవులు చిల్లులు పడే సైలెన్సర్‌ను, ఇంజనీరు పరీక్షించి సరే అనగల బ్రేకుల మెరుగుదలను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. సాంకేతిక తనిఖీ జరిపి అనుమతి ఇచ్చే పద్ధతి జర్మనీ వంటి దేశాల్లో ఎన్నో ఏళ్లుగా అమలులో ఉంది.

అంబాసిడర్ ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. దాని ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పగలిగిన మేస్త్రీల తరం వృద్ధాప్యంలో ఉంది. వారి కొలతలు, చేతితో చేసుకున్న పనిముట్లు, వారు కనిపెట్టిన అమరికలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. ఆటోనగర్లకు కూతవేటు దూరంలోనే పాలిటెక్నిక్కులు, ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వాటి ఆటోమొబైల్ శాఖలు విద్యార్థులను ఆ షెడ్లకు పంపి, మేస్త్రీల మాటలను, పని విధానాన్ని రికార్డు చేయించే పని ఇకనైనా మొదలుపెట్టాలి.