ముత్యపు చిప్పల బాకీ

పోయిన ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముచ్చట ఇది.

నేను బహ్రెయిన్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. ముహర్రఖ్‌లో పాత ఇండ్ల పక్కన పని పడ్డప్పుడు తెలిసింది, ఆయిల్ రాకముందు ఈ ఊరు బతికింది ముత్యపు చిప్పల మీదనే అని. ఆ చిప్ప సముద్రం అడుగున దారాల్లాంటి పోగులతో రాయిని పట్టుకుని ఉంటది. నీళ్లు వడగట్టి సన్నటి నాచు తింటది. లోపలికి పురుగో నలుసో చేరితే దాని మీద మెరిసే పొరలు ఒక్కొక్కటే కప్పుతది. అదే ముత్యం. హైదరాబాద్‌లో మన పెద్దోళ్లు బస్రా ముత్యాలు అనేటివి ఈ గల్ఫ్ నీళ్లవే.

ఎండాకాలమంతా పడవల మీదనే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట. పైన తాడు లాగేటోని చేతిలో ప్రాణం.

నన్ను ఆపింది మాత్రం బాకీ లెక్క. సీజన్‌కు ముందే నాఖుదా, అంటే పడవ కెప్టెన్, అడ్వాన్సు ఇచ్చేవాడు. వాటాలో అది తీరకపోతే మళ్లా ఏడు అదే పడవ. మనిషి చనిపోతే బాకీ కొడుకు మీదికి. లెక్క రాసేది కూడా ఆయనే. 1920లలో గానీ ఒక్కో డైవర్‌కు లెక్క పుస్తకం ఉండాలని రూల్ రాలేదు. నేను వచ్చిన కొత్తలో ఏజెంటు అప్పు తీర్చడానికి మూడేండ్లు పట్టింది, కాయితం ఒక్కటీ లేదు.

తర్వాత జపాన్ పెంపకం ముత్యాలు, 1929 మాంద్యం కలిసి ధర పడగొట్టినయి. 1932లో ఇక్కడ ఆయిల్ పడింది. డైవర్లు చాలామంది పడవ దిగి కంపెనీ కూలికి పోయిండ్రు.