ఇంటి కంప్యూటరు వేగ పరీక్ష

తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకాన్ని 2011 సెప్టెంబరు 15న, ఊత్తుకోట తాలూకా ఉన్న తిరువళ్ళూరు జిల్లాలోనే ప్రారంభించింది. అటువంటి పాత యంత్రం మందగించిందని పారవేసే ముందు, లోపం యంత్రానిదా, బ్రౌజరుదా, ఇంటర్నెట్ లైనుదా తేల్చుకోవడం మేలు.

2007లో వెలువడిన సన్‌స్పైడర్ పరీక్ష పనికి పట్టే కాలాన్ని మిల్లీసెకన్లలో కొలిచేది. అంకె తగ్గితే వేగం హెచ్చినట్లు. 2014లో వచ్చిన స్పీడోమీటర్‌లో అంకె పెరిగితే వేగం హెచ్చినట్లు. దీని మూడవ రూపం 2024లో విడుదలైంది. ఇది లైను వేగాన్ని కొలవదు.

ఇతర ప్రోగ్రాములు మూసి, ఛార్జరు తగిలించి, ఒకే యంత్రంలో రెండు బ్రౌజర్లను మూడేసి సార్లు పరీక్షించాలి. ఒకదాని అంకె స్పష్టంగా హెచ్చితే దానినే వాడుకోవచ్చు. పొరుగింటి యంత్రంతో పోల్చినప్పుడు రెండూ బాగా తక్కువైతే లోపం యంత్రానిది. అంకెలు సమానంగా ఉండీ పుటలు ఆలస్యంగా తెరుచుకుంటే ముందుగా అనుమానించవలసింది లైనునే. కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన అది బాగుపడదు.