పొత్తు వ్యాపారాలు – పొత్తు విడిచిన కాగితాలు

మన ఏర్పేడులోను, చుట్టుపక్కల శ్రీకాళహస్తి, రేణిగుంట, వెంకటగిరి ప్రాంతాల్లోను ఇద్దరు ముగ్గురు కలిసి అంగడి పెట్టుకోవడం, లారీ కొనుక్కోవడం, మామిడి తోట గుత్తకు పట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఒకరిది డబ్బు, ఇంకొకరిది కష్టం. మన పెద్దలు పొత్తును షిర్కత్ అనేవారు. పెట్టుబడి ఒకరిది, పని మరొకరిది అయితే దానికి ముజారబత్ అని పేరు. మన ప్రవక్త (స.అ.సం) యౌవనంలో హజ్రత్ ఖదీజా గారి సరుకు తీసుకొని షాము దేశం వెళ్ళి వ్యాపారం చేసుకొచ్చిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. అయితే కలిసేటప్పుడు ఉన్న ముచ్చట విడిపోయేటప్పుడు ఉండదు. పొత్తుల తగాదాలు కోర్టుల్లో ఏ దారిన నడిచాయో ఈ సంచికలో కొంచెం చెప్పుకుందామని అనుకున్నాం.

మన దేశంలో పొత్తు వ్యాపారానికి మొదట 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఒక అధ్యాయం ఉండేది. దాన్ని తీసివేసి 1932లో ప్రత్యేకంగా భాగస్వామ్య చట్టం చేశారు. నేటికీ అదే నడుస్తున్నది. ఈ చట్టం 13వ సెక్షను చదివితే సగం తగాదాలు ఎక్కడ పుడతాయో తెలుస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు అందరికీ సమానం. పదివేలు పెట్టినవాడికీ, లక్ష పెట్టినవాడికీ ఒకటే వాటా! పొద్దున్నుంచి రాత్రిదాకా అంగట్లో కూర్చున్నవాడికి జీతం అడిగే హక్కు లేదు, ముందుగా మాట్లాడుకొని ఉంటే తప్ప. పెట్టుబడికి మించి అప్పుగా వేసిన సొమ్ముకు మాత్రం ఏడాదికి నూటికి 6 వడ్డీ వస్తుంది. "నేను ఇంత చాకిరీ చేశాను గదా" అన్న మాట మన ఇళ్ళలో ఎంత బలంగా వినిపిస్తుందో, కాగితం లేకపోతే కోర్టులో అంత బలహీనం.

ఇక అసలు కథకు వస్తాం. దేశమంతటా వకీళ్ళు నేటికీ చెప్పుకొనే ఒక పొత్తు వ్యాజ్యం మన తెలుగు నేల మీదే పుట్టింది. అడ్డంకి వారు, భాస్కర వారు అని రెండు కుటుంబాలు. వడ్లు దంచడం, శెనక్కాయలు ఒలవడం వంటి మిల్లు వ్యాపారం చెరి సగం వాటాతో పెట్టుకున్నారు. పెట్టుబడిలో కొంత భూమి కూడా ఉంది. తర్వాత వ్యాపారం కోసం ఇంకా స్థిరాస్తి చేరింది. 22-5-1936న అడ్డంకి కుటుంబంలో ఐదుగురు భాస్కర కుటుంబపు యజమానికి ఒక కరారు రాసిచ్చారు. లెక్కలు చూసుకున్నాం, పొత్తులో మా వాటా వదులుకున్నాం అన్నది దాని సారాంశం. ఆ కాగితం రిజిస్టరు చేయలేదు.

అడ్డంకి వారు పొత్తు రద్దు చేయండి, లెక్కలు తేల్చండి అని దావా వేశారు. భాస్కర వారు ఆ కరారు తీసి చూపించారు. అవతలివారు, భూములున్న ఆస్తి మీద హక్కు వదులుకొనే కాగితం రిజిస్టరు కాకపోతే చెల్లదు అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. మనలో ఎవరిని అడిగినా అదే చెబుతారు, భూమి అంటే రిజిస్ట్రారు ఆఫీసే గదా అని.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి 1959లో దీన్ని విచారించింది. తర్వాత 1966 జనవరిలో సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది. పొత్తులో వేసిన భూమి పొత్తుదే. ఫలానా చెక్క నాది అని ఏ భాగస్వామీ అనడానికి లేదు. పొత్తు నడిచినంత కాలం అతనికి ఉన్నది లాభంలో పాలు. పొత్తు ముగిస్తే బయటి అప్పులు తీర్చి, భాగస్వాములు ఇచ్చిన అప్పులు, పెట్టుబడులు తిరిగిచ్చి, మిగిలినదాంట్లో వాటా. ఆ వాటా చట్టం దృష్టిలో చరాస్తి. కాబట్టి అది వదులుకొనే కాగితానికి రిజిస్ట్రేషను అక్కర్లేదని తేల్చి అడ్డంకి వారి అప్పీలు కొట్టివేసింది. 1936లో రాసిన ఒక కాగితం 30 ఏళ్ళ తర్వాత ఢిల్లీలో నిలబడింది. ఈ లోపల హైకోర్టే ఊళ్ళు మారింది. 1954 జూలై దాకా మన జిల్లాల అప్పీళ్ళు మద్రాసుకు పోయేవి, తర్వాత గుంటూరు, 1956లో హైదరాబాదు. (2019 నుంచి అమరావతి.) ఆ 30 ఏళ్ళ ఖర్చు, ఆ తిరుగుడు తీర్పుల పుస్తకాల్లో ఎక్కడా రాయరు.

ఇది విని కాగితం రిజిస్టరు చేయనక్కర్లేదు అని తొందరపడవద్దు. తీర్పు చెప్పింది పొత్తులో వాటా వదులుకోవడం గురించి. సొంత పేరున ఉన్న స్థలం ఇంకొకరికి అమ్మితే దాని దారి వేరు.

మన ఇళ్ళకు దగ్గరైన సంగతి ఇంకొకటి ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతోనే ఉమ్మడి వస్తుంది. మనకు ఆ సౌకర్యం లేదు. 1932 చట్టం 5వ సెక్షను పొత్తు అన్నది ఒప్పందంతోనే పుడుతుందని చెబుతుంది. అబ్బాజాన్ అంగట్లో పదేళ్ళు పనిచేసిన కొడుకు అందువల్లనే భాగస్వామి అయిపోడు. ఆయన కన్నుమూశాక అంగడి సరుకు, సొమ్ము అమ్మీకీ, కొడుకులకూ, కూతుళ్ళకూ షరీయత్ ప్రకారం విడివిడి వాటాలుగా వస్తాయి. పెద్దన్న అంగడి నడిపిస్తూ పోతాడు. తమ్ముళ్ళు ఊరుకుంటారు. ఆడబిడ్డల ఊసే ఎవరూ ఎత్తరు. పదేళ్ళకు అల్లుడు అడుగుతాడు, లాభంలో మాకు పాలు ఏదీ అని. అప్పుడు అన్న "నా కష్టంతో పెంచాను" అంటాడు, చెల్లెలు "మా నాన్న సొమ్ముతో పెంచావు" అంటుంది. మా దృష్టిలో ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నాన్న పోయిన నెలలోనే సరుకు లెక్క కట్టి, ఎవరి వాటా తీసేశారు, ఎవరిది అంగట్లోనే ఉంచారు అని ఒక కాగితం మీద అందరూ సంతకం చేసి ఉంటే ఆ మాటే రాదు. అప్పు ఇచ్చిపుచ్చుకున్నా రాసుకోమని సూరె బఖరలో ఉన్న ఆజ్ఞ మనవారందరికీ తెలిసిందే. తోబుట్టువుల మధ్యకు వచ్చేసరికి రాయమనడం అవమానం అనుకుంటాం.

ఇద్దరే ఉన్న పొత్తులో ఒకరు పోతే పొత్తు అక్కడితో సరి. వారసులు చేరతారని దస్తావేజులో రాసుకున్నా అది దానంతట అది నడవదని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉన్నవారు, వారసులు కొత్తగా ఒప్పుకోవాలి.

రిజిస్టరు కాని ఫర్మ్ సంగతి కూడా రెండు మాటల్లో. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కాని లేకపోతే 69వ సెక్షను కింద బాకీదారు మీద ఒప్పందపు దావా వేయలేరు. పొత్తు రద్దు, లెక్కల దావా మాత్రం వేసుకోవచ్చు. దానికీ గడువు ఉంది, రద్దయిన నాటినుంచి మూడేళ్ళు. పొత్తు ఏ రోజు ముగిసిందో చెప్పలేని తగాదాలన్నీ ఇక్కడే చిక్కుకుంటాయి. బయటికి వచ్చినవారు గజెట్‌లోను, పత్రికలోను ప్రకటన ఇవ్వకపోతే పాత భాగస్వామి ఆ తర్వాత చేసిన అప్పు కూడా మెడకు చుట్టుకోవచ్చు.

ఇప్పుడు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం వచ్చింది. మూడు లక్షలు, ఆపైన విలువ ఉన్న భాగస్వామ్య తగాదా అయితే, అత్యవసర ఉత్తర్వు అడిగే సందర్భం తప్ప, దావాకు ముందు మధ్యవర్తి దగ్గర కూర్చొని తీరాలి. ఇది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషను అవార్డుకున్న బలం ఉంటుంది. మన పెద్దమనుషులు మసీదు అరుగు మీద చేసిన పనే ఇది. తేడా అల్లా, ఇక్కడ మాట్లాడుకున్నది కాగితం మీదికి ఎక్కి, ఇద్దరి సంతకాలూ పడతాయి.