స్క్రేపర్ (పొలం చదును యంత్రం)

ట్రాక్టర్ వెనక తగిలించి లాగే మట్టి తొట్టిని స్క్రేపర్ అంటారు. తొట్టి అడుగున ముందువైపు పదునైన ఇనుప అంచు ఉంటుంది. తొట్టిని దించితే ఆ అంచు మెరకను గీకుతుంది, గీకిన మట్టి లోపలికి ఎక్కుతుంది. పల్లం దగ్గరికి వెళ్లి ఎత్తితే మట్టి పొరలా పరుచుకుంటుంది. నాగలి, గొర్రు, గుంటక మట్టిని ఉన్నచోటే తిరగేస్తాయి, గుల్ల చేస్తాయి. స్క్రేపర్ మాత్రం దాన్ని ఎత్తుకుపోయి ఇంకోచోట పెడుతుంది.

పని మట్టితోనే అయినా ఇది పుట్టింది నీటి కోసం. కాలువ నీళ్లు పెట్టిన చేలో మెరక ఎండుతుంది, పల్లం ఉరకెత్తుతుంది. మెరక తడిసేదాకా నీళ్లు వదిలితే పల్లంలో పైరు కుళ్లిపోతుంది. ఆ తేడా రెండు మూడు అంగుళాలే కావచ్చు. కానీ ఎకరం పొలంలో ఒక్క సెంటీమీటరు మందం మట్టి అంటే 40 ఘనపు మీటర్లు, బరువులో 50 టన్నుల పైమాటే. పార, తట్టలతో తెమిలే పని కాదది.

ఫ్రెస్నో స్క్రేపర్

ఈ పనిముట్టు చరిత్రలో పెద్ద భాగం అమెరికాలో, అందులోనూ కాలిఫోర్నియా మధ్య లోయలో నడిచింది. వాన తక్కువైన ఆ లోయలో 1870ల నుంచి కాలువలు తవ్వి, ద్రాక్షతోటలూ పండ్లతోటలూ వేయడం మొదలైంది. ఫ్రెస్నో చుట్టుపక్కల నేల చాలాచోట్ల చిన్న దిబ్బలూ గుంటలుగా ఉండేది. పందులు పొర్లినట్టుందని అక్కడివాళ్లు దానికి పేరు కూడా పెట్టుకున్నారు. అలాంటి నేలకు నీరు పారాలంటే ముందు దిబ్బలు కరగాలి.

అప్పటికి వాడుకలో ఉన్నది నిలువుగా నిలబెట్టిన చెక్క పలక. గుర్రాలు లాగుతుంటే అది మట్టిని తన ముందుకు నెట్టుకుంటూ పోయేది. పోగైన మట్టంతా నేల మీద రాసుకుంటూ కదలడంతో గుర్రాలు త్వరగా అలిసిపోయేవి. పక్కలనుంచి సగం జారిపోయేది కూడా. స్కాట్లాండ్ నుంచి వచ్చి 1877లో ఫ్రెస్నోలో బండ్ల తయారీ పెట్టుకున్న జేమ్స్ పోర్టియస్ ఈ ఇబ్బందిని దగ్గరగా చూశాడు. పలక బదులు లోపలికి ఒంపు తిరిగిన ఇనుప తొట్టి చేసి, 1883లో పేటెంట్ పొందాడు. అదే లోయలో విలియం డీడ్రిక్, ఫ్రాంక్ డూసీ, అబిజా మెకాల్ కూడా ఇలాంటి ప్రయత్నాలే చేశారు. వాళ్ల ఆలోచనలూ కలిసి ఫ్రెస్నో స్క్రేపర్ రూపుదిద్దుకుంది.

చూడటానికి తేలికగా కనిపించినా ఇది చాలా పని చేసింది. అంచు తెగ్గోసిన మట్టి ఒంపు వెంట పైకి పొర్లి తొట్టిలోనే నిలుస్తుంది. నిండిన తొట్టి కింది పట్టాల మీద జారుతూ వెళుతుంది కాబట్టి బరువు నేలను గీకదు. వెనక నడిచే మనిషి చేతిలో పొడవాటి పిడి ఉంటుంది. దాన్ని కాస్త ఎత్తితే అంచు నేలను కరుస్తుంది, నొక్కి పట్టుకుంటే తొట్టి మట్టిని మోస్తుంది, పైకి వదిలేస్తే తొట్టి ముందుకు బోర్లాపడి మట్టి గుమ్మరిస్తుంది. ఎంత మందాన పరవాలన్నది కూడా ఆ పిడితోనే తేలేది. ఐదడుగుల వెడల్పు స్క్రేపర్‌కు నాలుగు గుర్రాలో కంచర గాడిదలో కట్టేవారు. ప్రమాదమూ ఆ పిడిలోనే ఉంది. అంచు రాయికి తగిలితే అది ఒక్కసారిగా పైకి లేచి వెనకున్న మనిషిని కొట్టేది.

పొలాల కోసం చేసిన ఈ తొట్టి కాలువలకూ, రోడ్లకూ, రైలు కట్టలకూ పాకింది. పనామా కాలువ పనుల్లోనూ వాడారు. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1991లో దీన్ని చారిత్రక ఇంజనీరింగ్ చిహ్నంగా గుర్తించింది.

ట్రాక్టర్ రాక

ఫ్రెస్నోకు ఉత్తరాన ఉన్న స్టాక్‌టన్‌లో బెంజమిన్ హోల్ట్ 1904లో గొలుసు పట్టాల మీద నడిచే ట్రాక్టర్‌ను పరీక్షించాడు. మెత్తటి నేలలో దిగబడని బండి దొరికింది. లాగే బలం పెరిగింది కానీ వెనకున్న తొట్టి ఇంకా గుర్రాల కొలతలోనే ఉంది. ఆ లోటు తీర్చినవాడు రాబర్ట్ లెటూర్నో. అదే ఊళ్లో బళ్లు బాగుచేసే పనిలో ఉన్న అతను, హోల్ట్ ట్రాక్టర్‌కు స్క్రేపర్ కట్టి పొలాలు చదును చేసే పనికి దిగాడు. 1920లో పాత హోల్ట్ ట్రాక్టర్ ఒకటి కొని, అద్దె స్క్రేపర్‌తో దాన్నే వృత్తి చేసుకున్నాడు. తర్వాత తొట్టెలు తానే తయారుచేయసాగాడు. అప్పట్లో ఇనుప రేకులను రివెట్లతో బిగించేవారు. లెటూర్నో వెల్డింగ్‌ను నమ్ముకున్నాడు. తొట్టి తేలికైంది, గట్టిపడింది. తొట్టిని ఎత్తి దించడానికి ట్రాక్టర్ ఇంజన్ బలంతో తిరిగే ఇనుప తాళ్ల అమరిక తెచ్చాడు. దాంతో స్క్రేపర్ వెనక ఇంకో మనిషి అవసరం పోయింది, డ్రైవరొక్కడే అన్నీ చూసుకున్నాడు. 1932లో ఇనుప చక్రాల స్థానంలో రబ్బరు టైర్లు వేశాడు.

లెటూర్నో యంత్రాలు క్రమంగా ఆనకట్టలకూ, హైవేలకూ తరలిపోయాయి. పొలంలో మిగిలిన చిన్న స్క్రేపర్‌కు ఇనుప తాళ్లు పోయి హైడ్రాలిక్ గొట్టాలు వచ్చాయి. మరోపక్క ల్యాండ్ ప్లేన్ అనే పొడవాటి పరికరం వాడుకలోకి వచ్చింది. ముందూ వెనకా చక్రాలు, నడుమ బ్లేడు. చట్రం పొడుగు కాబట్టి చక్రాలు చిన్న గుంటలో దిగినా బ్లేడు పెద్దగా దిగదు. వడ్రంగి చిత్రిక పట్టినట్టు అది గరుకును తీసేస్తుంది. పెద్ద మెరకను మాత్రం ఏమీ చేయలేదు.

లేజర్

ఇంత జరిగినా ఎంత కోయాలన్నది డ్రైవర్ కంటి అంచనాయే. సర్వే చేసి పాతిన గూటాలు చూసుకుంటూ తోలినా అంగుళాల తేడా మిగిలేది. 1960లో థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాక కొన్నేళ్లలోనే ఒహాయోలో భూగర్భ మురుగు గొట్టాలు వేసే నాగళ్లకు దాన్ని జోడించారు. అక్కడినుంచి స్క్రేపర్‌కు వచ్చింది. పొలంలో ముక్కాలి పీట మీద పెట్టిన పరికరం కాంతిని గిరగిరా తిప్పుతూ పొలమంతటా కంటికి కనబడని ఒక మట్టాన్ని పరుస్తుంది. స్క్రేపర్ మీది స్తంభానికున్న గ్రాహకం ఆ కాంతిని పట్టుకుని, తొట్టి ఎత్తుగా ఉంటే దించమని, లోతుగా ఉంటే ఎత్తమని హైడ్రాలిక్ వాల్వుకు చెబుతుంది. తేడా 2 సెంటీమీటర్ల లోపుకు వస్తుంది.

దీని విలువ బాగా తెలిసింది ఆరిజోనాలో. అక్కడి వెల్టన్-మోహాక్ ఆయకట్టు నుంచి ఉప్పు మురుగునీరు కొలరాడో నదిలో కలవడంతో, దిగువనున్న మెక్సికో 1961 నుంచి అభ్యంతరం చెబుతూ వచ్చింది. 1974లో అమెరికా చట్టం చేసి, మురుగు తగ్గించేందుకు పొలాలను లేజర్‌తో చదును చేయించే ఖర్చులో భాగం భరించింది.

భారతదేశంలో లేజర్ లెవెలర్ 2001లో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అడుగుపెట్టి, బోర్ల నీరు అడుగంటుతున్న పంజాబ్, హర్యానాల్లో వేగంగా పాకింది. యంత్రం కొనలేని రైతు గంటకింత అని అద్దె చెల్లించి తోలించుకుంటాడు. మన డెల్టా రైతులకు మట్టం చూసుకునే పద్ధతి పూర్వమే ఉంది. దమ్ము చేసిన మడిలో నీరు పెట్టి పలక తోలుతుంటే, నీటిపైకి తేలిన మెరకే ఎక్కడ గీకాలో చూపిస్తుంది. అక్కడ రసమట్టం నీరే. అయితే అందుకు మడి నిండా నీళ్లుండాలి. లేజర్ ఆ పనిని ఎండు నేల మీద, దుక్కి దున్నిన వెంటనే చేసిపెడుతుంది.

కోతతో వచ్చే నష్టం

మెరక మీద పోయేది పైమట్టి, అంటే పొలంలో సారమున్న పొర. శాక్రమెంటో లోయ వరి పొలాల్లో ఎక్కువ లోతు కోసిన చోట జింకు లోపం కనబడి మొక్క పాలిపోయింది. ఆర్కన్సాలో అలాంటి చోట్ల కోళ్ల ఎరువు వేసి నేలను మళ్లీ దారికి తెచ్చుకున్నారు. నింపిన పల్లం ఒకటి రెండు తడుల తర్వాత కుంగుతుంది కాబట్టి మరుసటి ఏడు ఇంకోసారి తోలక తప్పదు. కోత లోతుగా ఉంటుందని ముందే తెలిస్తే, పైమట్టిని గీకి ఒక పక్కన కుప్ప పోసి, కింది మట్టితో మట్టం సరిచేసి, తీసిన పైమట్టిని తిరిగి పొలమంతా పరుస్తారు. దానికి డీజిల్, గంటలు దాదాపు రెట్టింపవుతాయి.